పట్టా కంటే ముందు తాళంచెవి

జనగణన సిబ్బంది పగలంతా ఇంటింటికీ తిరుగుతారు. ఒక్క రాత్రి మాత్రం వాళ్ల పని వేరుగా ఉంటుంది. 2011 ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో, ఫ్లైఓవర్ల కింద, రోడ్డు పక్కన పడి ఉన్న సిమెంటు గొట్టాల్లో నిద్రపోతున్నవాళ్లను వెతికి లెక్క రాసుకున్నారు. పైన కప్పున్న కట్టడం ఏదీ లేని మనుషులన్నమాట. ఆ రాత్రి తేలిన లెక్క 17.73 లక్షలు. అందులో 9.38 లక్షల మంది పట్టణాల్లో ఉన్నారు. అంతకు పదేళ్ల ముందు, 2001లో, మొత్తం సంఖ్య 19.43 లక్షలైతే పట్టణాల వాటా 7.78 లక్షలు. పల్లెల్లో తగ్గింది, పట్టణాల్లో పెరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 లెక్క 1.45 లక్షలు. ఒక్క రాత్రి పనిలో కంటికి కనిపించినవాళ్లే ఇంతమంది. పోలీసులు తరుముతారని మూలల్లోకి తప్పుకునేవాళ్లు, రాత్రంతా పనిలో ఉండి తెల్లవారాక నడుం వాల్చేవాళ్లు ఈ లెక్కకు అందలేదనుకోవడం సబబే. ఇప్పుడు ఇంకో సంగతి ఆలోచించాలి. ఆ పదేళ్లలోనే ఉమ్మడి రాష్ట్రంలో పేదల ఇళ్ల కోసం ఎన్నడూ లేనంత డబ్బు ఖర్చయింది. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం కింద ఊరూరా ఇళ్లు లేచాయి. ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ఏ ప్రభుత్వం వచ్చినా ఇళ్ల పథకం లేకుండా పాలించలేదు. అయినా ఫ్లైఓవర్ కింద పడుకున్న మనిషి అక్కడే ఉన్నాడు. డబ్బు చాలకపోవడం దీనికి ఒక కారణం మాత్రమే. అసలు కారణం ఆ డబ్బు ఎక్కడ మొదలవుతుందన్న దాంట్లో ఉంది.

మన మాటలోనే ఒక చిక్కు ఉంది. ‘మాకు ఇల్లు లేదండీ’ అని అద్దింట్లో ఉన్న గుమస్తా అంటాడు, అత్తమామలతో రెండు గదుల్లో సర్దుకుంటున్న కోడలు అంటుంది, హైదరాబాద్ కోఠిలో మూసిన దుకాణం అరుగు మీద పడుకునే హమాలీ కూడా అంటాడు. మొదటి ఇద్దరి మాటకు సొంతిల్లు లేదని అర్థం. మూడో మనిషి మాటకు ఈ రాత్రి తలదాచుకునే చోటు లేదని అర్థం. ప్రభుత్వాలు చెవి ఒగ్గింది మొదటి అర్థానికే. అదేమీ అన్యాయమని కాదు, ఆ అవసరం నిజమైనదే, చాలా పెద్దది కూడా. కేంద్రం వేసిన నిపుణుల బృందం 2012 నాటికి పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందని తేల్చింది. అందులో సుమారు 1.5 కోట్లు ఇరుకిళ్లలో సర్దుకుంటున్న కుటుంబాలవి. బొత్తిగా ఇల్లే లేని కుటుంబాలు 5.3 లక్షలు, అంటే నూటికి మూడు. ఓట్ల లెక్కలోనైనా కాగితాల లెక్కలోనైనా ఆ తొంభై ఏడే ముందుకొస్తాయి. మూడింటికి అడిగే గొంతు లేదు. చిత్రమేమిటంటే అదే 2011 జనగణనలో పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు కోటీ పది లక్షలని తేలింది. కాబట్టి కొరతంటే గోడలు చాలకపోవడమొక్కటే అనుకుంటే పొరపాటు. గోడలున్నచోటుకూ మనిషికీ మధ్య దారి లేదు.

ఆ దారి ఎక్కడ తెగిందో తెలియాలంటే ఇళ్ల సాయం ఎలా అందుతుందో చూడాలి. 2015 జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో మన రాష్ట్రాలకు, ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్‌కు, ఎక్కువగా పనికొచ్చిన భాగం లబ్ధిదారు తానే ఇల్లు కట్టుకునే పద్ధతి. కేంద్రం లక్షన్నర ఇస్తుంది, రాష్ట్రం తన వాటా కలుపుతుంది. షరతు ఒక్కటే, కట్టుకోవడానికి స్థలం ఉండాలి. తెలంగాణలో 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సాయం అయిదు లక్షలు. దరఖాస్తులను మూడు జాబితాలుగా విడదీశారు. సొంత స్థలం ఉండి సరైన ఇల్లు లేనివాళ్లు ఎల్-1, స్థలమూ ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్-2, మిగతావాళ్లు ఎల్-3. మొదటి విడత ఎల్-1 వాళ్లకు. ఈ వరసకు పాలనాపరంగా కారణముంది. స్థలమున్నవాడికి డబ్బిస్తే పని వెంటనే మొదలవుతుంది. స్థలం లేనివాడికి ముందు భూమి వెతకాలి, సేకరించాలి, రోడ్డు వేయాలి, కరెంటు స్తంభాలు పాతాలి. కానీ ఫలితం చూడండి. ఏమీ లేనివాడు, ఎంతో కొంత ఉన్నవాడి వెనక నిలబడ్డాడు. ఫుట్‌పాత్ మనిషి ఎల్-2లోనూ ఉండడు. దరఖాస్తులో అడిగిన చిరునామా, రేషన్ కార్డు చాలామందికి ఉండవు. ఊళ్లో ఉన్న రేషన్ కార్డు ఇక్కడి ఇంటి దరఖాస్తుకు పనికిరాదు, ఇక్కడి బతుక్కు కార్డు లేదు. పల్లెలదీ ఇదే కథ. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజనలో నీడే లేని కుటుంబాలు, బిచ్చమెత్తుకుని బతికేవాళ్లు, వెట్టి నుంచి విముక్తులైనవాళ్లు ఎవరూ సిఫారసు చేయకుండానే ముందు వరసలోకి రావాలని నియమం ఉంది. నియమం మంచిది. స్థలం లేనివాళ్ల దగ్గరికొచ్చేసరికి అదీ ఆగుతుంది. స్థలం చూపించాల్సింది రాష్ట్రాలని కేంద్రం గుర్తు చేస్తూనే ఉంటుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. సాయం ఏ రూపంలో వస్తుందో తెలిస్తే ఆ సామెత బరువు తెలుస్తుంది. అయిదు లక్షలు ఒక్కసారి చేతికి రావు. బేస్‌మెంట్ లేచాక ఒక బిల్లు, గోడలు లేచాక ఇంకొకటి, స్లాబ్ పడ్డాక మరొకటి, అంతా పూర్తయ్యాక చివరిది. డబ్బు దారి తప్పకుండా ఉండాలంటే ఇలా పని చూసి ఇవ్వడమే మంచి పద్ధతి. కానీ మొదటి బిల్లు పడాలంటే ముందు పునాది తవ్వాలి. ఆ ఇసుక, సిమెంటు, రాయి, మేస్త్రీ కూలి సొంత చేతి నుంచి పెట్టాలి. అంటే సాయం అందుకోవడానికే కొంత సొమ్ము ఉండాలి, లేదా అప్పు పుట్టాలి. స్వయం సహాయక సంఘంలో సభ్యురాలైన ఇల్లాలికి అప్పు పుడుతుంది. అడ్డా మీద రోజు కూలికి నిలబడి రాత్రి బస్టాండులో పడుకునేవాడికి ఎవరిస్తారు? పునాది తవ్వినన్నాళ్లు కూలికి పోకుండా ఎక్కడ ఉంటాడు, ఏం తింటాడు? ఈ సాయాన్ని మలిచినవాళ్లు పేదవాణ్ని మనసులో పెట్టుకునే మలిచారు. ఆ పేదవాడికి అప్పటికే ఒక గుడిసె, ఒక వీధి, పేరుపెట్టి పిలిచే ఇరుగుపొరుగు ఉన్నాయని అనుకున్నారు. అవేవీ లేని పేదరికం వేరే రకం. దానికి మందు కూడా వేరుగా ఉండాలి.

స్థలమే ఇచ్చేస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ ప్రయోగం భారీగానే చేసింది. 2020 డిసెంబర్ 25న మొదలుపెట్టి సుమారు ముప్పై లక్షల మంది మహిళల పేర ఇళ్ల పట్టాలిచ్చింది. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటంటే 48 చదరపు గజాలకు కాస్త ఎక్కువ. ఆడవాళ్ల పేర పట్టా రావడం చిన్న విషయం కాదు. మొగుడు వెళ్లగొడితే ఎక్కడికి పోవాలన్న భయంతో బతికే ఇల్లాలికి ఆ కాగితం కొండంత ధైర్యం. అయితే పట్టణం నడిబొడ్డున ముప్పై లక్షల సెంట్లు ఎక్కడా దొరకవు. దొరికింది ఊరి చివర, చాలాచోట్ల పల్లపు నేలల్లో, చెరువుగట్ల అవతల. ప్రభుత్వం మారాక పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు అన్నారు. స్థలం పెరిగేకొద్దీ అది ఇంకా దూరం జరుగుతుందే తప్ప దగ్గరికి రాదు. భూమి ధర చేసే పని అది. ఏ పార్టీ జెండా కిందనైనా అంతే చేస్తుంది.

దూరమే ఈ విషయంలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ల తరఫున 1981లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఓల్గా టెల్లిస్ కేసులో 1985లో తీర్పు వచ్చింది. ఆ మనుషులు ఫుట్‌పాత్ మీద ఉండేది పని దగ్గర ఉండాలనేనని, అక్కణ్నుంచి వెళ్లగొడితే బతుకుదెరువే పోతుందని, బతుకుదెరువు జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం ఒప్పుకుంది. అయినా నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. జనానికి మొదటి సగమే ఎక్కువ గుర్తుంది. ఆ తీర్పు చెప్పిన సంగతి మన హైదరాబాదులో రెండు కాలనీలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. తెలంగాణ డబుల్ బెడ్‌రూం పథకానికి నమూనాగా 2015లో సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలోని ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లు కట్టారు. పాత క్వార్టర్లున్న చోటే కొత్తవి లేచాయి, అక్కడివాళ్లే అందులో చేరారు. పని చోటు మారలేదు, పిల్లల బడి మారలేదు, అప్పిచ్చే కిరాణా కొట్టూ మారలేదు. తర్వాత సంగారెడ్డి జిల్లా కొల్లూరులో ఒకే చోట 15,660 ఇళ్లు కట్టారు, 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇళ్లు బాగున్నాయి. ఒక్కోటి 560 చదరపు అడుగులు, లబ్ధిదారు పైసా కట్టనక్కర్లేదు. అయినా కేటాయింపు దక్కినవాళ్లలో చాలామంది అక్కడ చేరలేదు, కొందరు అద్దెకిచ్చారు. అది మోసమని కోప్పడేవాళ్లున్నారు. పాతబస్తీలో గాజుల పని చేసుకునే ఇల్లాలు ఔటర్ రింగ్ రోడ్డు అవతల నుంచి రోజూ ఎలా వచ్చి వెళ్తుంది? ఆ ఇంటిని అద్దెకిచ్చి, ఆ డబ్బుతో పని దగ్గరే గది తీసుకుంటే ఆమె చేసిన తప్పు నాకు కనిపించదు. ఆమె అవసరమేమిటో ఆమె నడిచిన దారే చెబుతోంది.

ఇళ్ల పథకాలు ప్రభుత్వానికి ఒక చేయి. ఇక రెండో చేతి సంగతి. ఇల్లు కట్టుకోలేనివాడికి రాత్రి వసతి చూపించే బాధ్యత మున్సిపాలిటీలది. ఇది దయతో పుట్టలేదు, కోర్టు ఒత్తిడితో పుట్టింది. 2009 డిసెంబర్‌లో ఢిల్లీలో చలికి వణుకుతున్నవాళ్ల గుడారాన్ని కార్పొరేషన్ తొలగించింది, తర్వాత మరణాల వార్తలు వచ్చాయి. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ 2010 జనవరిలో కోర్టుకు లేఖ రాశారు. దాంతో ముందు ఢిల్లీకి, తర్వాత పెద్ద నగరాలన్నిటికీ ఆదేశాలు వెళ్లాయి. లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలి, ఏడాది పొడుగునా ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఈ వసతి గృహాలకు కేంద్ర నిధులు తెచ్చింది, మనిషికి యాభై చదరపు అడుగుల చోటుండాలని కొలత కూడా పెట్టింది. నిధులున్నా పని సాగడం లేదని తెలిసి సుప్రీంకోర్టు 2016 నవంబర్‌లో జస్టిస్ కైలాశ్ గంభీర్ అధ్యక్షతన పరిశీలన కమిటీ వేయాల్సి వచ్చింది. హైదరాబాద్ కార్పొరేషన్ జనాభా 2011లోనే 67 లక్షలు. లక్షకొకటి చొప్పున చూస్తే 67 వసతి గృహాలు. నగరం ఆ సంఖ్యకు దగ్గరికి కూడా రాలేదు. ఉన్నవాటిని స్వచ్ఛంద సంస్థలు నడుపుతున్నాయి. ప్రభుత్వాసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్ల కోసం కట్టినవి బాగా అక్కరకొచ్చాయి.

వసతి గృహాల్లో మంచాలు ఖాళీగా ఉంటున్నా జనం రావడం లేదు కదా, ఫుట్‌పాతే వాళ్లకు ఇష్టమేమో అనే మాట అధికారుల నోట, బస్తీల నోట వినిపిస్తుంది. అలా అనేముందు ఆ గడపలోకి ఎవరు అడుగుపెట్టగలరో చూడాలి. మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి. భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ ఉన్న కుటుంబం రెండు ముక్కలైతే తప్ప లోపలికి రాలేదు. చిత్తుకాగితాలు ఏరుకునేవాడి సంచి, తోపుడుబండివాడి బండి బయటే ఉండిపోవాలి. తెల్లారేసరికి అది ఉంటుందన్న నమ్మకం లేదు. కేటరింగ్ పనికి వెళ్లేవాడు అర్ధరాత్రి దాటాక వస్తాడు. అడ్డా కూలీ పొద్దున్నే అడ్డా మీద ముందు వరసలో నిలబడాలి. ఆ అడ్డాకు అయిదు కిలోమీటర్ల అవతల మంచం ఉండి ఏం లాభం? వీటన్నిటికీ మించి, వసతి గృహం నుంచి ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు లేదు. ఆస్పత్రిలో అత్యవసర విభాగం మాత్రమే ఉండి వార్డులు లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. ఒక రాత్రి కోసం కట్టిన చోట మనుషులు ఏళ్లు గడుపుతున్నారు, లేదా విసిగి మళ్లీ రోడ్డు మీదకే వెళ్తున్నారు.

ఈ రెండు చేతులూ ఎందుకు కలవవన్నదానికి రాజ్యాంగంలోనే ఒక జాడ ఉంది. పంచాయతీల బాధ్యతలు చెప్పే పదకొండో షెడ్యూల్‌లో గ్రామీణ గృహనిర్మాణం ఉంది. మున్సిపాలిటీల బాధ్యతలు చెప్పే పన్నెండో షెడ్యూల్‌లోని పద్దెనిమిది అంశాల్లో మురికివాడల మెరుగుదల ఉంది, పట్టణ పేదరికాన్ని తగ్గించడం ఉంది, శ్మశానాలున్నాయి, బందెలదొడ్లున్నాయి. గృహనిర్మాణం మాత్రం లేదు. ఆచరణలోనూ అంతే. ఇళ్ల డబ్బు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థల ద్వారా, కలెక్టరు కార్యాలయాల ద్వారా నడుస్తుంది. ఇంచార్జి మంత్రులు, శాసనసభ్యులు ఉన్న కమిటీల దాకా జాబితాలు వెళ్తాయి. ఫుట్‌పాత్ మీద మనిషిని రోజూ చూసేది మున్సిపల్ సిబ్బంది. వాళ్ల చేతిలో ఉన్నది ఒక హాలు, కొన్ని మంచాలు. అతనికి గది ఇప్పించే అధికారం వాళ్లకు లేదు. గదులిచ్చే అధికారం ఉన్నవాళ్లకు అతను కనబడడు. స్థానిక సంస్థ చేతికి ఇళ్ల నిధిలో ఒక వాటా, దాన్ని అద్దె రూపంలో ఖర్చు చేసే స్వేచ్ఛ ఇవ్వాలన్నది నా వాదన. ఇల్లు లేనివాడి అవసరం పట్టా దగ్గర మొదలు కాదు. పని దగ్గర్లో, లోపలి నుంచి గడియ వేసుకోగల ఒక గది దగ్గర మొదలవుతుంది. పట్టా తర్వాతి మెట్టు.

లెక్క వేసి చూద్దాం. పాత బస్తీల్లో ఒక గది అద్దె నెలకు నాలుగు వేలనుకుందాం. ఒక ఇంటికిచ్చే అయిదు లక్షలతో ఆ గదికి పదేళ్లకు పైగా పూర్తి అద్దె కట్టొచ్చు. కూలి చేసుకునేవాడు సగం తానే కట్టుకోగలడనుకుంటే, అదే డబ్బుతో నలుగురికి అయిదేళ్లపాటు సగం అద్దె భరించవచ్చు. అయిదేళ్లంటే ఒక చిరునామా కుదరడానికి, రేషన్ కార్డు రావడానికి, పిల్ల ఒకే బడిలో ప్రాథమిక చదువు ముగించడానికి సరిపోయే కాలం. ఆపైన ఆ కుటుంబం ఎల్-2 వరసలో నిలబడటానికైనా అర్హత సంపాదిస్తుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 2020లో కరోనా వేళ వలస కూలీలు నడిచి ఊళ్లకు పోయిన దృశ్యం చూశాక కేంద్రం జూలైలో చవక అద్దె ఇళ్ల సముదాయాల పథకం తెచ్చింది. పాత పథకాల కింద కట్టి ఖాళీగా పడి ఉన్న 83 వేలకు పైగా ఇళ్లను అద్దెకివ్వాలన్నది అందులో ఒక దారి. నిజంగా ఆ దారిన మారినవి ఆరు వేలకు లోపే. ఊరికి దూరంగా, నీళ్లూ బస్సూ లేని చోట కట్టినవి కనకే అవి అమ్మకానికీ అద్దెకూ కూడా పోలేదు. 2024 సెప్టెంబర్‌లో మొదలైన ఆవాస్ యోజన రెండో దశలో అద్దె ఇళ్లను విడిగా ఒక విభాగంగానే పెట్టారు, నిరాశ్రయుల పేరు కూడా అందులో చేర్చారు. కాగితం మీద తలుపు తెరిచే ఉంది. ఆ తలుపులోంచి వెళ్లాల్సింది మన మున్సిపాలిటీలే.

ముందు గది అన్న ఈ వరసను పాటించిన దేశం ఫిన్లండ్. చిన్న దేశం, డబ్బున్న దేశం, చలికి మనిషి నిలవలేని దేశం, మనకూ వాళ్లకూ పోలికేమిటన్న సందేహం సహజం. పోలిక డబ్బులో కాదు, వరసలో. 1985లో హెల్సింకీ నగరంలో రాత్రి వసతి గృహాల మంచాలు రెండు వేలకు పైగా ఉండేవి. 2008 నుంచి వాళ్లు వరస మార్చారు. ముందు తాగుడు మాను, ముందు చికిత్సకు రా, ఆ తర్వాత ఇల్లు అనడం మానేసి ముందు ఇల్లు, తర్వాత మిగతావి అన్నారు. వసతి గృహాలనే చిన్న చిన్న ఫ్లాట్లుగా మార్చి, అందులో ఉండేవాళ్లతో అద్దె ఒప్పందం రాయించారు. 2016 నాటికి హెల్సింకీలో అత్యవసర మంచాలు 52 మిగిలాయి. 1980ల చివర దేశంలో ఇరవై వేలకు దగ్గరగా ఉన్న నిరాశ్రయులు 2023 నాటికి మూడున్నర వేలకు దిగారు. 1985లో ఏర్పడ్డ వై ఫౌండేషన్ అనే సంస్థ ఊళ్లో అక్కడక్కడా మామూలు అపార్టుమెంట్లలో ఫ్లాట్లు కొని అద్దెకిస్తుంది. అందులో ఉండేవాళ్లంతా ఒకే కాలనీలో ముద్ర వేసినట్టు పడి ఉండరు. 2024లో సంక్షేమ కోతల తర్వాత సంఖ్య మళ్లీ 3,800 దాటింది. పన్నెండేళ్లలో అదే మొదటి పెరుగుదల. డబ్బు వెనక్కి తీస్తే మనిషి వెనక్కి వస్తాడని అదీ ఒక సాక్ష్యమే.

ఇల్లిచ్చినా నిలుపుకోలేని స్థితిలో ఉన్నవాడి మాటేమిటి? మతి చలించినవాళ్లు, మత్తుకు బానిసలైనవాళ్లు గది నిలబెట్టుకుంటారా? ఇది తోసిపారేయదగిన ప్రశ్న కాదు. దీనికి జవాబు హెల్సింకీ దాకా వెళ్లకుండా చెన్నైలోనే దొరుకుతుంది. 1993లో మొదలైన ది బన్యన్ సంస్థ రోడ్ల మీద తిరిగే మానసిక రోగులైన ఆడవాళ్లకు చికిత్స చేయించేది. చికిత్సయ్యాక చాలామందిని కుటుంబాల దగ్గరికి చేర్చేది. కొందరిని కుటుంబాలు రానివ్వలేదు, కొందరికి కుటుంబమే దొరకలేదు. వాళ్లను జీవితాంతం ఆశ్రమంలో ఉంచడమేనా అన్న ప్రశ్న నుంచి హోమ్ అగైన్ అనే ఏర్పాటు పుట్టింది. మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని నలుగురైదుగురిని కలిపి ఉంచుతారు, సాయానికి మనిషి ఉంటుంది. వాళ్లు కూరగాయలు తెచ్చుకుంటారు, వండుకుంటారు, పక్కింటివాళ్లతో మాట్లాడతారు. ఆస్పత్రి గోడల మధ్య ఏళ్లు గడిపినవాళ్లకే ఇది సాధ్యమైతే, ఒంట్లో బలమున్న అడ్డా కూలీకి గది నిలబెట్టుకోవడం చేతకాదని ఎలా అనగలం? అయితే సాయం చేసే మనిషి జీతం కూడా లెక్కలో ఉండాలి. అది మరిచిపోయి తాళంచెవి మాత్రం చేతిలో పెడితే మూడో నెలకే గది ఖాళీ అవుతుంది.

అద్దె డబ్బు ఆవిరైపోతుంది, పట్టా అయితే తరతరాలకు ఉంటుంది, పేదవాడికి ఆస్తి ఇవ్వక అద్దె ఇవ్వడమేమిటన్న అభ్యంతరంలో పస ఉంది. కూడు, గూడు, గుడ్డ అన్న నినాదం విన్న తరం మనది. సొంత గూడు మీద ఆశ ఎంత లోతుగా ఉందో తెలుసు. పట్టాలు ఆపమని ఇక్కడెవరూ అనడం లేదు. ఊళ్లో వేర్లున్న కుటుంబానికి పట్టాకు మించినది లేదు. వేర్లు తెగి పట్నం చేరినవాడికి మాత్రం నలభై కిలోమీటర్ల అవతలి సెంటు భూమి ఆస్తి అనిపించుకోదు, అమ్మేసుకోవాల్సిన వస్తువవుతుంది. ఇంకో అభ్యంతరం ఇంకా ఘాటైనది. 2025 ఫిబ్రవరిలో నిరాశ్రయుల వసతి కేసు విచారణలోనే, ఉచితాల వల్ల జనం పనికి రావడం లేదన్న మాట సుప్రీంకోర్టు ధర్మాసనం నుంచి వినిపించింది. కేంద్రం పట్టణ పేదరిక నిర్మూలన మిషన్‌ను సిద్ధం చేస్తున్నామని అదే విచారణలో చెప్పింది. గౌరవంతోనే చెప్పాలి, ఈ మాట ఫుట్‌పాత్ మనిషికి అతకదు. తెల్లవారుజామున సిమెంటు బస్తాలు దించేది, పెళ్లిళ్లలో గిన్నెలు తోమేది, నగరం పారేసిన ప్లాస్టిక్ ఏరేది వాళ్లే. పని మానేసినవాడు ఊళ్లో అరుగు మీదైనా ఉంటాడు. పని కోసం వచ్చినవాడే పట్నం రోడ్డు మీద పడుకుంటాడు. అసలు వాళ్లకు ఇప్పటివరకు అందిన ఉచితమేమిటి?

గదులిస్తే పల్లెలన్నీ పట్నాలకు కదిలిపోతాయన్న భయం కూడా ఉంది. మనుషుల్ని పట్నానికి లాగేది కూలి. పడుకోవడానికి చోటు లేదని తెలిసీ వస్తున్నారంటే ఆ కూలి ఎంత అవసరమో తెలుస్తుంది. దీనికన్నా గట్టి హెచ్చరిక ఇంగ్లండు నుంచి వస్తుంది. అక్కడ నిరాశ్రయులకు ఇల్లు చూపించడం 1977 నుంచే స్థానిక కౌన్సిళ్ల చట్టబద్ధ బాధ్యత. హక్కు గట్టిది. కానీ కౌన్సిళ్ల చేతిలో చవక ఇళ్లు తరిగిపోయాయి. దాంతో తాత్కాలిక వసతికి, హోటళ్లకూ ప్రైవేటు ఇళ్లకూ కలిపి, 2023-24లో 229 కోట్ల పౌండ్లు ఖర్చయింది. గదుల నిల్వ లేకుండా హక్కు మాత్రమే రాస్తే డబ్బు హోటళ్ల పాలవుతుంది. అందుకే మున్సిపాలిటీ తన చేతిలో కొన్ని గదులు ఉంచుకోవాలి. తెలంగాణలో డబుల్ బెడ్‌రూం, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన సముదాయాల్లో ఊరికి దగ్గరగా ఉండి ఖాళీగా పడినవి, వాడని మున్సిపల్ భవనాలు, బస్తీల్లో యజమానుల దగ్గర కార్పొరేషనే అద్దెకు తీసుకుని మారు అద్దెకిచ్చే గదులు. ఈ చివరిది చాలా ముఖ్యం. కులం అడగకుండా, ఒంటరి ఆడదని అనుమానించకుండా, ఆధార్ ఏదని నిలదీయకుండా అద్దెకిచ్చే యజమాని దొరకడం కష్టం. ఎదురుగా ఉన్నది కార్పొరేషన్ అయితే అద్దె ఎగవేత భయం ఉండదు, అడిగే ప్రశ్నలూ తగ్గుతాయి.

మిగిలింది వాళ్లను గుర్తించడం. చిరునామా లేనివాణ్ని ఎలా వెతకాలి, నిజమైనవాడని ఎలా నమ్మాలి? దీనికి పద్ధతి మన దగ్గరే ఉంది. ఓటరు జాబితాలో చేరాలనుకునే నిరాశ్రయుడి నుంచి నివాసపత్రం అడగకూడదని ఎన్నికల సంఘం నియమం. అతను చెప్పిన చోటికి బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్లి చూడాలి. ఒక్కసారి కాదు, ఒకటికి రెండు రాత్రులు. అక్కడే పడుకుంటున్నాడని తేలితే పేరు చేరుతుంది. జనగణన వాళ్లు రాత్రి వస్తారు, ఎన్నికల వాళ్లు రాత్రి వస్తారు. ఇళ్ల కార్యాలయం మాత్రం పగలు పది గంటలకు తెరుచుకుని దరఖాస్తు కోసం ఎదురుచూస్తుంది. రాబోయే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టారు. దానికి ముందు రాత్రి మళ్లీ టార్చిలైట్లతో సిబ్బంది ఫ్లైఓవర్ల కిందికి వెళ్తారు. జనగణన వివరాలు చట్టప్రకారం గోప్యం. ఆ పేర్లు ఇంకో శాఖకు అందవు. కాబట్టి ప్రతి కార్పొరేషనూ తన సొంత రాత్రి సర్వే చేసుకోవాలి. పేరు, పని చేసే చోటు, వెంట ఉన్నవాళ్లు ఎందరు, ఒంట్లో జబ్బేమైనా ఉందా, ఎంత అద్దె కట్టగలరు, ఏ బస్తీలో గదైతే వెళ్తారు. ఈ ఆరు ప్రశ్నలున్న కాగితం పట్టుకుని వెళ్లే ఉద్యోగి దగ్గర, తెల్లవారేలోగా ఇవ్వగల పది గదుల తాళంచెవులైనా ఉండాలి.